మురుగు దిగాలి, డబ్బు ఆగాలి: గోదావరి డెల్టా ఊరికి ఒక పని పద్ధతి

డెల్టాలో పుట్టినవాడికి నీళ్లు పెట్టడం వస్తే చాలదు, నీళ్లు తీయడం కూడా రావాలి. పొలానికి కాలువ ఎంత అవసరమో డ్రెయిను అంతే అవసరం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మన తాతలు నేర్చుకుంటూ వచ్చిన లెక్క ఇది. ఊరి సంగతికొచ్చేసరికి ఆ లెక్క మన దగ్గర తిరగబడింది. దిగాల్సిన మురుగు ఊళ్లో నిలబడుతోంది, నిలబడాల్సిన డబ్బు ఊరు దిగిపోతోంది.

ధాన్యం డబ్బులు, కొబ్బరి దింపు డబ్బులు, రొయ్యల చెరువుల లీజులు, కువైట్ నుంచి ఆడపిల్లలు పంపే డబ్బులు. మా కోనసీమ పల్లెల్లోకి వచ్చేది తక్కువేమీ కాదు. నెల తిరక్కుండానే అది స్కూలు ఫీజులకీ, ఆస్పత్రులకీ, వడ్డీలకీ, నీళ్ల టిన్నులకీ టౌన్ దారి పడుతుంది. నేను రిటైరైన టీచర్ని. పదేళ్లుగా మా ఊళ్లో ఈ పనుల మీదే తిరుగుతున్నాను. కొన్ని కుదిరాయి, కొన్ని నవ్వులపాలయ్యాయి. రెండూ చెబుతాను.

ముందు మనుషులు: కమిటీ వద్దు, ఏడుగురు చాలు

మొదటిసారి మేం కమిటీ వేశాం. అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి. ఫ్లెక్సీలో ఎవరి ఫొటో పైన ఉండాలన్న దగ్గర రెండు నెలలు గడిచాయి, మూడో నెలలో ఆ ఫ్లెక్సీ ఎవరి పశువుల పాకకో చూరు కింద పరదా అయింది. రెండోసారి పదవులు లేకుండా ఏడుగురం కూర్చున్నాం. అది నిలబడింది.

ఆ ఏడుగురూ ఎవరన్నదే అసలు సంగతి. ఒక కౌలు రైతు తప్పకుండా ఉండాలి. మన డెల్టాలో చాలా చోట్ల భూమి ఒకరిది, సాగు ఇంకొకరిది. సొంతదారుడు హైదరాబాద్‌లో ఉంటాడు, మక్తా (కౌలు) బస్తాలు కొలిచేది ఇక్కడి మనిషి. ఊరి మీటింగ్‌లో కుర్చీ మాత్రం పట్టా ఉన్నాయనకే వేస్తాం. అలా వేసినంత కాలం బోదె (పొలాల మధ్య చిన్న కాలువ) ఎక్కడ పూడిందో, ఏ చేను ఎన్ని రోజులు మునిగిందో మనకి తెలియదు. తర్వాత, డ్వాక్రా గ్రూపు లెక్కలు నిజంగా రాసే మనిషి కావాలి. లీడర్ అని పేరున్నావిడ కాదు, పుస్తకం రాసే ఆవిడ. కొబ్బరి దింపు తీసే మనిషి ఒకరు: ఎవరి తోటకి తెల్లదోమ పట్టిందో, ఎవరు చెట్లు కొట్టేసి చెరువు తవ్వించబోతున్నారో ఆయనకి తెలిసినంత సచివాలయంలో ఎవరికీ తెలియదు. ప్రతి పేట నుంచీ ఒకరు ఉండేలా చూసుకోండి. మిగిలిన వాళ్లలో ఒకరు ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లయితే మంచిది.

మీటింగ్ ఎప్పుడూ రామాలయం దగ్గరే పెడితే సగం ఊరు రాదు. ఎందుకు రాదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒకసారి పేటలో, ఒకసారి బడిలో, ఒకసారి రేవు దగ్గర పెట్టండి. సర్పంచ్‌కి మొదటి రోజే చెప్పండి. చెప్పకుండా మొదలుపెడితే మీ పని మంచిదైనా ఆయన కంటికి వచ్చే ఎన్నికల పోటీలాగే కనబడుతుంది.

మన ఊళ్లు ఎప్పటికీ కలవవు అనే పెద్దమనిషి ఒకరు ప్రతిచోటా ఉంటారు. ఆయనకి కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం గుర్తు చేయండి. పదకొండు ఊళ్ల నుంచి ప్రభలు, అంటే దేవుణ్ని నిలిపి అలంకరించిన పెద్ద వెదురు కట్టడాలు, వస్తాయి. గట్టు దగ్గర జానెడు నేల కోసం కోర్టుకెళ్లే రైతు, ఆ రోజు పచ్చటి చేలోంచి ప్రభని నడిపించుకోనిస్తాడు. కౌశిక నదిలో నడుం లోతు నీళ్లలో దాన్ని భుజాల మీద దాటిస్తారు. కలవడం మనకి రాక కాదు. ఎందుకు కలవాలో, ఎన్నాళ్లు కలవాలో స్పష్టంగా చెప్పగలగాలి.

నోటు పుస్తకం

ఏ పథకం గురించీ మాట్లాడకముందు ముప్ఫై ఇళ్లు తిరగండి. అన్ని పేటల్లోంచి, అన్ని రకాల ఇళ్లు. ఊరంతా తిరగాలని కూర్చుంటే పని ఎప్పటికీ తెమలదు.

ఒక జాగ్రత్త. ఆదాయం అడగొద్దు. పెన్ను, పుస్తకం పట్టుకుని "నెలకెంతొస్తుందమ్మా?" అన్నామంటే రేషన్ కార్డు తీసేస్తారేమోనని ఇల్లాలి గుండె జారిపోతుంది. నేను ఆ తప్పు చేశాను. మూడు ఇళ్లలో ఒకే జవాబు: "ఏముందండీ మాస్టారూ, ఏం లేదండి." నాలుగో ఇంటి నుంచి ప్రశ్న మార్చాను. "వదినా, ఈ నెల టౌన్‌కి దేనికెళ్లారు? ఏం కొన్నారు?" అంతే, అరగంట చెప్పారు. ఖర్చు గురించి మాట్లాడడం మనవాళ్లకి ఇష్టం, అందులో బాధ ఉంది కనుక.

మూడే పేజీలు పెట్టుకోండి. ఊళ్లోంచి ఏం అమ్ముడవుతోంది, ఏ రూపంలో, ఎవరికి అన్నది ఒకటి. బయటి నుంచి ఏం కొంటున్నారన్నది రెండోది. ఊళ్లో ఎవరికి ఏ పని వచ్చు అన్నది మూడోది.

రెండో పేజీ దగ్గర కళ్లు తెరుచుకుంటాయి. నీళ్ల టిన్ను తీసుకోండి. టిన్ను 10 రూపాయలనుకుందాం, రోజుకి ఒకటి. 400 గడపల ఊళ్లో సగం ఇళ్లు కొంటే నెలకి 60,000, ఏడాదికి 7,20,000 రూపాయలు. చుట్టూ గోదావరి పారే నేలలో, తాగే నీళ్ల కోసం. స్కూలు వ్యాన్ లెక్క కూడా అలాగే కట్టండి. ఒక వ్యాన్‌లో 25 మంది పిల్లలు, నెలకి 800 చొప్పున పది నెలలు అంటే 2 లక్షలు. ఇది కేవలం బండి కిరాయి, ఫీజు వేరు. మీ ఊరి రేట్లు వేసి మీరే లెక్క కట్టుకోండి. నా అంకెలు మీకెందుకు?

మూడో పేజీని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మా పుస్తకంలో గల్ఫ్‌లో పన్నెండేళ్లు ఏసీలు బాగుచేసి తిరిగొచ్చిన కుర్రాడు తేలాడు. రిటైరైన నర్సు తేలింది. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్లు మా చివరి వీధిలోనే పదకొండు మంది ఉన్నారని నలభై ఏళ్లు ఆ ఊళ్లోనే బతికిన నాకు తెలియదు. వాళ్లు అల్లింది ఏజెంటు వచ్చి పట్టుకెళ్తాడు. దాని రేటు వాళ్లకే సరిగా తెలియదు.

కాలువ చెప్పినట్టు పని

ఆఫీసు సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. డెల్టా సంవత్సరం వేరు. చాలా ఊళ్లలో మంచి పనులు చెడిపోయేది డబ్బు లేక కాదు, వేళ తప్పి.

దాళ్వా (రబీ) కోతలయ్యాక, ఏప్రిల్ ప్రాంతంలో కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో వదులుతారు. కాలువ పూడిక, డ్రెయిన్ తవ్వకం, తూముల మరమ్మతు, చెరువు గట్టు, పైపులైను, ఇవన్నీ ఆ ఆరేడు వారాల్లోనే జరగాలి. మట్టి ఆరి ఉంటుంది, యంత్రం దిగుతుంది, ఉపాధి పనులకు మనుషులు దొరుకుతారు. అప్పుడు పని మొదలవ్వాలంటే అంచనాలు, అనుమతులు సంక్రాంతికల్లా కదలాలి. ఏప్రిల్‌లో అర్జీ పెడితే జూలైలో మంజూరవుతుంది. జూలైలో డ్రెయిన్‌లో పొక్లెయిన్ దిగితే, బిల్లు వస్తుంది గానీ పని జరగదు. ఇలాంటి పని ఒకటి మా శివారులో కళ్లారా చూశాను. మొదటి వానకి తీసిన మట్టంతా తీసిన చోటికే చేరింది.

జూన్ బడి నెల. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద. లంక గ్రామాలయితే పడవలు, గట్లు, పాలు, మందులు తప్ప ఇంకో మాట పెట్టుకోకండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపాను చూసినవాళ్లకి దీని గురించి చెప్పక్కర్లేదు. ఆ రెండు నెలల్లో కొత్త పని ఏదీ ఎత్తుకోకుండా, ఉన్నదాన్ని కాపాడుకుంటే చాలు. డిసెంబరులో ధాన్యం డబ్బులు, జనవరిలో ఊరికొచ్చే చుట్టాలు. డబ్బు మాటలన్నీ ఆ నెలలో.

ఈ క్యాలెండర్‌ని పెద్ద అక్షరాలతో రాసి పాలకేంద్రం గోడకి అతికించండి. అందరూ రోజుకి రెండుసార్లు వచ్చే చోటు అదే.

మొదటి పని మురుగు, రెండోది మంచినీళ్లు

ఇదే మొదట ఎందుకంటే, ఇది అందరిదీ. కులం, పార్టీ చూడకుండా అందరి గుమ్మంలోకీ వచ్చేది మురుగొక్కటే.

మొదట తెలుసుకోవాల్సింది ఏది ఎవరిదన్నది. పొలాల మధ్య పంట బోదె రైతులది. వీధి కాలువ పంచాయతీది. ఊరి బయట మైనరు, మేజరు డ్రెయిన్లు ఇరిగేషన్ వాళ్ల డ్రెయినేజీ విభాగానివి. గుర్రపుడెక్క పట్టి పూడిన ఒకే ఒక్క నీటి దారి మీద ముగ్గురు యజమానులుంటారు, ముగ్గురూ పక్కవాడిని చూపిస్తారు. మేం చేసింది చిన్న పని. వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని, ఊరి మధ్య నుంచి మురుగు వెంబడే డ్రెయిన్ దాకా నడిచాం. ఎక్కడ ఆగిందో అక్కడల్లా ఫోన్‌తో ఫొటో తీసి, పక్కన సర్వే నంబరు రాసుకున్నాం. మొత్తం ఆరు చోట్ల ఆగింది. అందులో నాలుగు మనం చేసుకున్నవే: గేదెల కోసం వేసిన అడ్డం, దారి కోసం పెట్టిన చిన్న తూము, ఇంటి ముందు ర్యాంపు, కొబ్బరి డొక్కల గుట్ట. ఆ నాలుగూ సరిచేశాకే మిగతా రెండింటి కోసం ఆఫీసుకెళ్లాం. అప్పుడు మన మాటకి బరువుంటుంది.

డ్రెయిన్ పని పెద్దదైతే నీటి వినియోగదారుల సంఘం ద్వారా కదపండి. 1997 చట్టం ప్రకారం ఏర్పడిన సంఘాలవి. మన ఊళ్లో ఎవరు సభ్యులో చాలామందికి తెలియదు, వెళ్లి తెలుసుకోవడమే సగం పని. మురుగు దిగకపోతే ఏమవుతుందో 2011 సార్వా (ఖరీఫ్)లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు రాష్ట్రమంతా చూసింది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు పూడిపోయిన డ్రెయిన్లు కూడా ఆ గోడులో ఉన్నాయి.

ఆక్వా చెరువుల గొడవ సున్నితమైనది. చెరువు నీళ్లు పంట కాలువలోకి వదిలితే వరి దెబ్బతింటుంది, తాగే నీళ్లు ఉప్పబారుతాయి. అలాగని రాత్రికి రాత్రి గట్టు తెగ్గొట్టడం మొదలైతే ఊరు రెండు ముక్కలవుతుంది. చెరువుకి రిజిస్ట్రేషన్ ఉందా, వదిలే నీళ్లు డ్రెయిన్‌లోకే వెళ్తున్నాయా అన్నది రాతపూర్వకంగా అడగండి. చెరువుల యజమానుల్లో మన ఊరి వాళ్లే ఎక్కువ. వాళ్ల పిల్లలూ ఆ కుళాయి నీళ్లే తాగుతారు. దాని మీద మాట్లాడితే వింటారు.

మంచినీటికి వస్తే, కాలువ కట్టేసేలోపు ఊరి మంచినీటి చెరువు నిండాలి. నిండిందో లేదో మార్చి చివరి వారంలో మీలో ఒకరు రోజూ గేజీ దగ్గరికెళ్లి చూడాలి. అధికారుల మీద నమ్మకం లేక కాదు. తూము దగ్గర చెత్త అడ్డం పడితే అది ఆఫీసులో కనబడదు. ఆ చెరువుని చేపల వేలంలో ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు, ఎంత డబ్బొచ్చినా సరే. చేపల మేత, ఎరువు వేసిన నీళ్లే మళ్లీ ఫిల్టరుకి వస్తాయి.

నీటి పరీక్ష గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో చేస్తారు. కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచి నీళ్లు. వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. కుళాయి చివర క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి. ట్యాంకు దగ్గర కాదు, చివరి ఇంటి కుళాయి దగ్గర చూడండి. మన ఊళ్లలో పైపు మురుగు కాలువలోంచే వెళ్తుంది కదా, జాయింటు దగ్గర లీకైతే నీళ్లు రాని వేళలో మురుగుని పీల్చుకుంటుంది. లీకులు కట్టి, క్లోరిన్ సరిగా వేస్తే టిన్నుల ఖర్చులో కొంతైనా తగ్గుతుంది. ఒక్కసారిగా అందరూ మానేస్తారని అనుకోకండి. నీళ్ల మీద నమ్మకం రావడానికి మాకు రెండు వేసవులు పట్టింది.

ఒక్క సరుకు పట్టుకోండి

ఇక్కడ నా పెద్ద తప్పు చెప్పాలి. కొబ్బరి ఊరు కదా, నూనె తీద్దామన్నాం. చందాలు వేసుకుని ముందు యంత్రం కొన్నాం. అక్టోబరులో మొదలుపెట్టాం. ఎండ లేదు. కొబ్బరి సరిగా ఆరలేదు, బూజు పట్టింది. ఎండుకొబ్బరిలో తేమ 6 శాతం దాకా దిగితే గానీ నిల్వకి, నూనెకి పనికిరాదని అప్పటికి మాకు తెలియదు. తీసిన నూనె నెల తిరక్కుండా కమురు వాసన కొట్టింది. బంధువులు మొహమాటానికి ఒక్కో సీసా కొన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ యంత్రం మీద ఇప్పుడు కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

కొనేవాడు ముందు, ఆరబెట్టడం తర్వాత, యంత్రం చివర. మేం దాన్ని తలకిందులుగా చేశాం.

రెండోసారి కొత్త సరుకేమీ తయారుచేయలేదు. ఉన్న కాయనే సరిగా అమ్మాం. విడివిడిగా తోట దగ్గరికొచ్చిన దళారికి అమ్మితే, లెక్కలో కొసరు కాయలు పోతాయి, చిన్నా పెద్దా కలిపి ఒకే రేటు పడుతుంది. పన్నెండు మంది రైతులం దింపు రోజులు కలుపుకుని, ఒలుపు ఒకేచోట చేయించి, కాయ సైజుల వారీగా వేరుచేసి, అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌లో వెయ్యి కాయల ధర ఆ రోజు ఎంతుందో ఇద్దరు వ్యాపారుల్ని అడిగి అమ్మాం. లారీ నిండితే బేరం మాట తీరే మారిపోతుంది. నిల్వ చేయగలిగిన వాళ్లు కొంత కురిడీకి (లోపలే ఎండిన గుండు కొబ్బరికి) పెట్టారు. ఒలిచాక మిగిలిన డొక్కలు, అదే మురుగుని ఆపిన గుట్ట, పీచు యూనిట్‌కి వెళ్లాయి. పీచు తీయగా మిగిలే పొట్టు పీచు కంటే ఎక్కువ తూగుతుంది. నర్సరీలకి అది కావాలి, నర్సరీల ఊరు కడియం మనకి ఎంతో దూరం కాదు. అలా మురుగు పని, డబ్బు పని ఒక్క చోట కలిశాయి.

మీ ఊళ్లో సరుకు వేరు కావచ్చు. పూతరేకులు, లేసు, చేనేత, పూల మొక్కలు, ఎండుచేప, ఏదైనా సరే. పేరొస్తే డబ్బొస్తుందని మాత్రం అనుకోవద్దు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో, నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపుని సరుకు మీద వేసుకోవాలంటే తయారుచేసేవాళ్లు అధీకృత వినియోగదారులుగా పేరు నమోదు చేయించుకోవాలి. రేకు తీసే ఆవిడ, లేసు అల్లే ఆవిడ ఆ జాబితాలో లేకపోతే గుర్తింపు లాభం వ్యాపారి దగ్గరే ఆగిపోతుంది. తినే సరుకైతే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు. చిన్న తయారీదారుకి బేసిక్ రిజిస్ట్రేషన్ సరిపోతుంది.

సంఘం రూపం గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. డ్వాక్రా గ్రూపుతో మొదలుపెట్టి రెండు దింపులో, ఒక పంటో నడిపి చూడండి. ఒకరి మీద ఒకరికి గురి కుదిరాక, కనీసం పది మందితో 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదు కావచ్చు. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెద్ద బండి. 2020లో వచ్చిన కేంద్ర పథకం సాయానికి మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులు ఉండాలన్నారు. ఒక్క ఊరికి అది మోయలేని బరువు, నాలుగైదు ఊళ్లు కలిస్తేనే. యంత్రాల సబ్సిడీల గురించి ఎవరైనా వచ్చి ఊరించినప్పుడు మా కోళ్ల సంగతి తలుచుకోండి. సబ్సిడీ ఉందని పని మొదలుపెట్టొద్దు, పని నడుస్తుంటే సబ్సిడీ అడగండి.

కౌలు రైతులకి పంట సాగుదారు హక్కు కార్డు ఇప్పించడం ఈ పనిలో భాగమే. సొంతదారుడు సంతకానికి జంకుతాడు, భూమి పోతుందేమోనని. ఆ కార్డు పంట రుణం, బీమా, నష్టపరిహారం కోసమే గానీ భూమి మీద హక్కు ఇవ్వదని ఏడుగురిలో పట్టాదారుడైన మనిషి చెబితే నమ్ముతాడు. మనం చెబితే నమ్మడు.

పర్యాటకం సంగతి కూడా అడుగుతుంటారు. దిండి రిసార్టులు చూసి, మన ఊళ్లోనూ హోమ్‌స్టే పెడదామంటారు. పెట్టండి. ముందు మురుగు పని అవ్వనివ్వండి, దోమలు కుట్టే ఊళ్లో కొబ్బరి తోట ఎంత అందంగా ఉన్నా ఎవరూ రెండో రాత్రి ఉండరు.

బడి

మా బడిలో పిల్లలు తగ్గుతుంటే, కారణం ఇంగ్లీషు మీడియం అనుకున్నాను. టీచర్ని కదా, కారణాలన్నీ చదువులోనే వెతికాను. ఇళ్లకెళ్లి అడిగితే చెప్పింది వేరు. "వ్యాను గుమ్మంలోకి వస్తుందండి." "ఆరింటిదాకా అక్కడే ఉంచుకుంటారండి, మేం చెరువు మీద పని నుంచి వచ్చేసరికి ఏడవుతుంది." ఆ తల్లులకి కావాల్సింది సాయంత్రం పిల్లాడిని ఎవరో ఒకరు చూసుకోవడం. బడి నాలుగింటికి వదిలేస్తే వాడు కాలువ గట్టునే ఉంటాడు. కాలువ నిండుగా ఉన్న నెలల్లో ఆ భయం ఎలాంటిదో డెల్టా తల్లికే తెలుసు.

అందుకని బడి వసారాలో సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా ఇద్దరు డిగ్రీ అమ్మాయిల్ని కూర్చోబెట్టాం. హోంవర్కు, కథల పుస్తకాలు, కాసేపు ఆట. వాళ్లకి నెల నెలా జీతం ఊరు ఇస్తుంది. గౌరవ వేతనం అని పేరు పెట్టి మూడు నెలలు ఆపడం కాదు, ఒకటో తారీకున ఇస్తాం. ఈ ఒక్క పని, నేను పాతికేళ్లు పాఠాలు చెప్పి చేసిన దానికన్నా ఎక్కువమందిని బడికి తెచ్చింది. ఒప్పుకోవడానికి కాస్త కష్టంగానే ఉంది.

సంఖ్య ఎందుకు ముఖ్యమో తల్లిదండ్రులకి విడమరిచి చెప్పండి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఐదో తరగతి దాకా బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు. అంటే ఆ 61వ పిల్లాడు ఒక్కడూ చేరితే బడి మూడో టీచర్‌ని అడగగలుగుతుంది. ఆ పిల్లాడు ఏ ఇంట్లో ఉన్నాడో మే నెలలోనే వెతకాలి. ప్రైవేటు బడుల మనుషులు అప్పటికే కరపత్రాలతో తిరుగుతుంటారు.

అదే చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగంమంది ఆడవాళ్లు. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సిందీ వాళ్లే. మన దగ్గర సంతకాలు మాత్రం ఇళ్లకొచ్చి పెట్టించుకుంటారు. సమావేశం తేదీని పాలకేంద్రం గోడ మీద రాయండి, సగం మార్పు అక్కడే వస్తుంది.

కమిటీ చూడాల్సిన మూడు విషయాలున్నాయి. మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయా, కడిగే మనిషికి జీతం అందుతోందా అన్నది మొదటిది. కట్టడం సులువు, కడగడమే ఊరి పరువు. రెండోది భోజనం. ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చిన వాళ్లకల్లా అన్నం పెట్టిన మన ఇంటి ఆడపడుచు. వారానికి ఇద్దరు తల్లులు వెళ్లి పిల్లల పంక్తిలో కూర్చుని తినండి. తనిఖీకి వచ్చినట్టు వంటావిడ ముందు నిలబడకండి, పక్కన కూర్చుని తింటే కూరలో ఏం తక్కువైందో నాలుకకే తెలుస్తుంది. మూడోది చదవడం. మూడో తరగతి పిల్లకి రెండో తరగతి పుస్తకంలో నాలుగు వరుసలు ఇవ్వండి. తడబడకుండా చదివితే సరే. లేకపోతే పేరు రాసుకుని సాయంత్రం అమ్మాయిలకి ఇవ్వండి. ఆ కాగితం టీచర్‌ని నిలదీయడానికి వాడితే మరుసటి నెల నుంచి మీకు నిజం తెలియదు.

గ్రంథాలయం గురించి ఒక మాట. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య పుట్టింది మన కొంకుదురులోనే. ఇంటి పన్ను కట్టే ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం మనం. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకి వెళ్తుంది. మన ఊరి నుంచి ఏటా ఎంత వెళ్లిందో, ఎన్ని పుస్తకాలు వచ్చాయో అడగడం మన హక్కు.

గ్రామసభ, డబ్బు, చుట్టాలు

గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. అక్కడికి కోరికల జాబితాతో వెళ్లొద్దు. మూడు పనులు, మూడింటికీ సర్వే నంబరు, ఫొటో, అంచనా ఉండేలా వెళ్లండి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో రాతపూర్వకంగా ఎక్కితేనే ఆ పనికి డబ్బు వస్తుంది, మైకులో చెప్పినంత మాత్రాన రాదు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 2021–22 నుంచి 2025–26 దాకా 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలని కట్టుబాటు పెట్టారు. మురుగు, మంచినీళ్లు మొదట పెట్టుకోమనడంలో ఈ లెక్క కూడా ఉంది. సిమెంటు రోడ్డు అడిగితే క్యూలో నిలబడాల్సి వచ్చేది, నీళ్ల పని అడిగితే ప్రత్యేకంగా పక్కన పెట్టిన డబ్బుండేది.

పంచాయతీ సొంత ఆదాయం కూడా చూడండి. ఇంటి పన్ను, చేపల చెరువుల వేలం, పంచాయతీ కొబ్బరి చెట్ల వేలం. వేలం పాట ఎవరో నలుగురు కూడబలుక్కుని తక్కువకి పాడేసుకుంటే ఊరికి ఎంత పోతుందో, పక్క ఊరి పాటతో పోల్చి చూస్తే తెలిసిపోతుంది. లెక్కలు చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దాన్ని చివరికి దాచుకోండి. మొదటి రోజే దరఖాస్తు పెడితే కార్యదర్శి మీ ముఖం చూడడం మానేస్తాడు.

ఇక సంక్రాంతి. హైదరాబాద్, బెంగళూరు, గల్ఫ్, అమెరికా, అందరూ మూడు రోజులు ఊళ్లో ఉంటారు. కోడిపందేల బరుల దగ్గర చేతులు మారేదాంట్లో పదోవంతు బడికొచ్చినా చాలని నాకు ప్రతి ఏడూ అనిపిస్తుంది, పైకి అన్నానంటే తన్నులు తప్పవు. భోగి మధ్యాహ్నం, పందేల్లోకి వెళ్లకముందే గంటసేపు బడిలో కూర్చోబెట్టండి.

దాత నోట మొదట వచ్చే మాట ఆర్చి. ఊరి మొదట్లో, వాళ్ల నాన్నగారి పేరుతో. కాదనకండి, నొచ్చుకుంటారు. "బాబాయ్, ఆర్చికి ఎంతనుకుంటున్నారు? ఆ డబ్బుతో సాయంత్రం బడి ఎన్నేళ్లు నడుస్తుందో చూడండి, బోర్డు మీద తాతగారి పేరే రాద్దాం" అని కాగితం మీద లెక్క చూపించండి. ముగ్గురిలో ఒకరు మనసు మార్చుకుంటారు. మిగిలిన ఇద్దరినీ వదిలేయండి.

విదేశీ డబ్బు దగ్గర జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్న మనిషి గల్ఫ్‌లో ఉన్నా సొంత సంపాదన లోంచి మామూలు బ్యాంకు దారిలో ఇవ్వొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అల్లుడు మన సంఘానికి ఇస్తే మాత్రం అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. మన ఊరి బిడ్డే కదా అంటే కుదరదు.

ఖాతా ముగ్గురి పేరు మీద, సంతకాలు కనీసం ఇద్దరివి. ప్రతి నెలా ఐదో తారీకున వచ్చింది, పోయింది, మిగిలింది మూడు వరుసలు పాలకేంద్రం బోర్డు మీద. టీ ఖర్చు కూడా రాయండి. మా ఊళ్లో జనం ముందుగా చదివేది టీ ఖర్చే.

చివరగా ఆ నోటు పుస్తకం సంగతి. మొదటి ఐదేళ్లు అది మా ఇంట్లోనే ఉండేది. నేను కంటి ఆపరేషన్‌కని కాకినాడ వెళ్లి, అక్కడి నుంచి మా అమ్మాయి దగ్గర నెలన్నర ఉండిపోయాను. అది వేసవి. చెరువు దగ్గర మోటారు కాలిపోయింది. గ్యారంటీ కాగితం ఎక్కడుందో, మెకానిక్ నంబరేదో ఎవరికీ తెలియదు. నాకు ఫోన్ చేస్తే, కళ్లకి కట్టు, ఏ పేజీలో ఉందో చెప్పలేకపోయాను. ఊరు పది రోజులు టిన్నుల మీద బతికింది. తిరిగొచ్చిన మర్నాడే పుస్తకం బడి బీరువాలో పెట్టాం. తాళం చెవులు రెండు: ఒకటి హెడ్మాస్టరు దగ్గర, రెండోది పాలకేంద్రంలో లెక్కలు రాసే అమ్మాయి దగ్గర.